కాటా మామయ్య వ్యాను

ఇంజిన్ కంప్యూటరు మీద చెయ్యి వేసే ముందు కారు డిక్కీ ఖాళీ చేయించి, అందులోని ప్రతి వస్తువునూ కాటాకు తగిలించి తూస్తేగానీ ముందుకు కదలని మెకానిక్కు ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో గానీ, ఊరందరికీ ఆయన కాటా మామయ్య. షెడ్డు బోర్డు మీద "ఇంజిన్ కంప్యూటరు ట్యూనింగ్" అని రాసి ఉంటుంది. లోపలికి వెళ్తే మాత్రం దూలానికి వేలాడుతూ ఇనప కొక్కెం, దాని పైన గడియారమంత ముఖంతో స్ప్రింగు కాటా కనిపిస్తాయి. ల్యాప్‌టాప్ ఎక్కడో బీరువాలో గుడ్డ కప్పుకుని నిద్రపోతూ ఉంటుంది.

"మామయ్యా, బండికి పవర్ పెంచాలి" అంటూ ఎవరో వస్తారు.

"డిక్కీ తెరువు."

"ఇంజిన్ ముందు వైపు కదా ఉండేది!"

"నలభై ఏళ్ళుగా అక్కడే ఉంది, నాకూ తెలుసు. తెరువు."

జిమ్ము నడిపే ఆయన ఒకసారి వచ్చి కారు బరువెక్కిపోయినట్టు నడుస్తోందని మొరపెట్టుకున్నాడు. డిక్కీలోంచి అరవై కిలోల డంబెల్సు బయటపడ్డాయి. "నువ్వు పొద్దున గంట చేస్తావు కసరత్తు. ఈ పిచ్చిది రోజంతా చేస్తోంది కదయ్యా!" అని మామయ్య చివాట్లు పెట్టాడు. రిటైరైన హెడ్మాస్టరుగారి డిక్కీలో నలభై ఒక్క కిలోల పాత పరీక్ష పేపర్లు దొరికాయి. ఎప్పటికైనా ఏ విద్యార్థయినా వచ్చి నా మార్కులు మళ్ళీ లెక్కపెట్టండి అంటే ఏం చేయాలని ఆయన బెంగ. ఆ విద్యార్థుల్లో కొందరికి మనవలు కూడా పుట్టారు.

డిక్కీ ఖాళీ అయ్యాక టైర్లలో గాలి చూసి, దుమ్ము పట్టిన ఫిల్టరు దులిపి, "వారం నడిపి రా" అని పంపేస్తాడు. సగం మంది మళ్ళీ రారు, రావాల్సిన పని ఉండదు కనుక. వచ్చిన వాళ్ళకి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతాడు. "టర్బో ఉన్న డీజిల్ బండికి కంప్యూటరులో నాలుగు అంకెలు మారిస్తే పవర్ నిజంగానే పెరుగుతుంది. టర్బో లేని చిన్న పెట్రోలు బండికి నూటికి ఐదు పెరిగితే గొప్ప. ఇక మైలేజీ అంటావా, అది సగం నీ కాలిలో ఉంది, సగం నీ డిక్కీలో ఉంది."

ఇన్ని నీతులు చెప్పే పెద్దమనిషి సొంత వ్యాను సంగతి చూస్తే మాత్రం నవ్వు ఆగదు. వెనక భాగం నేలను రాసుకుంటూ, ముందు భాగం ఆకాశం చూస్తూ, చదును రోడ్డు మీద కూడా సైకిళ్ళకు దారి ఇస్తూ నడుస్తుంది. లీటరుకు ఆరు కిలోమీటర్లు ఇస్తే ఆ రోజు దానికి మంచి హుషారుగా ఉన్నట్టు లెక్క. "మామయ్యా, ముందు నీ బండి ట్యూనింగ్ చేసుకో!" అని ఊరంతా ఆటపట్టించేది. "పెద్దదైపోయిందిరా పాపం" అని ఆయన వ్యాను వెనక తలుపుల తాళం ఒకసారి లాగి చూసుకుని వెళ్ళిపోయేవాడు.

ఈ మామయ్య మేనకోడలిని పెళ్ళాడిన అతనొకడున్నాడు. మామయ్య అతన్ని అల్లుడూ అని పిలుస్తాడు కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం. అల్లుడిది బీమా ఆఫీసులో ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరి మీద ఏది పడింది, ఎవరు దేనిలోంచి పడ్డారు అనే కాగితాలు చదవడమే పని. పదేళ్ళు అవే చదివిన మనిషికి లోకంలో పడనిది ఏదీ లేదనిపించడంలో వింత లేదు. అలాంటి వాడి భార్యకు తొమ్మిదో నెల వచ్చింది. ఇల్లు కొండ కింద, ఆస్పత్రి కొండ మీద. మధ్యలో పన్నెండు కిలోమీటర్ల ఎత్తు దారి. అతని చిన్న పెట్రోలు కారు ఆ ఎత్తులో ఆయాసపడిపోయి నలభై ఒక్క నిమిషాలు తీసుకునేది. అంతలోపల పాప దారిలోనే పుట్టేస్తే? ఈ ఒక్క ప్రశ్న అల్లుడికి అన్నం సహించనివ్వలేదు. అప్పటికే ఒంటరిగా పంతొమ్మిది సార్లు కొండెక్కి దిగి రిహార్సల్ చేశాడు. ఆస్పత్రి గుమ్మంలో నర్సు అతన్ని చూడగానే, "ఇవాళా ఉత్త చేతులేనా?" అని అడిగేది.

చివరికి కాటా మామయ్య షెడ్డుకి వెళ్ళాడు.

"మామయ్యగారూ, ఎలాగైనా దీని పవర్ పెంచండి. పది నిమిషాలు తగ్గితే చాలు, మీకు దణ్ణం పెడతాను."

"డిక్కీ తెరువు అల్లుడూ."

అల్లుడు అటూ ఇటూ చూశాడు. మెల్లగా తెరిచాడు. స్టెప్నీలు రెండు. ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాలు రెండు. చెట్టు అడ్డం పడితే నరకడానికి గొడ్డలి. పరుపు. కిరోసిన్ స్టవ్వు. ఇనప సామాను పెట్టె. నాలుగు గొడుగులు. దారిలో ప్రసవమైతే ఏం చేయాలో బొమ్మలతో వివరించే ఇటుకంత పుస్తకం.

"నాలుగు గొడుగులెందుకు?"

"ఆవిడకి ఒకటి, నాకు ఒకటి, పాపకి ఒకటి."

"నాలుగోది?"

"మూడింట్లో ఒకటి విరిగితేనో?"

మామయ్య ఒక్కొక్కటే కొక్కేనికి తగిలిస్తూ పైకి చదివాడు. మొత్తం నూట నలభై మూడు కిలోలు. "ఇద్దరు మనుషుల్ని డిక్కీలో పడుకోబెట్టుకుని కొండెక్కుతున్నావు కదయ్యా. ఇంకా కారేదో తప్పు చేసినట్టు మాట్లాడతావేం?" అన్నాడు. సామానంతా షెడ్డులోనే ఉండిపోయింది. తరవాత ఆయన బీరువాలోంచి ల్యాప్‌టాప్ తీసి కారుకు తగిలించాడు. అల్లుడు ఊపిరి బిగబట్టి చూశాడు. రెండు నిమిషాల్లో మామయ్య వైరు పీకేశాడు.

"పెరిగిందా?"

"ఏం పెరగడం? కంపెనీ వాడు రాసింది కాపీ తీసి దాచాను. వారం నడిపి రా."

ఖాళీ డిక్కీతో కారు ముప్పై ఆరు నిమిషాల్లో కొండెక్కింది. ఇంకెవరైనా అయితే సంతోషించేవారు. అల్లుడికి మాత్రం ఒంటి మీద చొక్కా లేకుండా రోడ్డెక్కినట్టు అనిపించింది. నీళ్ళు లేవు, గొడుగు లేదు, గొడ్డలి లేదు. పైగా ముప్పై ఆరు నిమిషాలంటే మాత్రం తక్కువా? ఆ బెంగలోనే ఆఫీసు దారిలో అద్దాల తలుపులున్న ఒక ట్యూనింగ్ షాపు బోర్డు కంటపడింది. "ముప్పై శాతం పవర్, ముప్పై శాతం మైలేజీ, ముప్పై నిమిషాల్లో!" నల్ల కళ్ళద్దాల కుర్రాడు డిక్కీ వంక కన్నెత్తి కూడా చూడలేదు. ఆ ఒక్క మర్యాదకే అల్లుడు కరిగిపోయి తాళం చేతిలో పెట్టేశాడు.

రెండు రోజులు కారు కాలు ఆనించగానే ఎగిరి దూకింది. పెట్రోలు ముల్లు మాత్రం చూస్తుండగానే కిందికి జారుతోంది. ముల్లే పాడై ఉంటుందని అల్లుడు సర్దిచెప్పుకున్నాడు. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. మామయ్యకు చెప్పే ధైర్యం అసలే లేదు.

మూడో రోజు పొద్దున పదింటికి అతని భార్య బట్టలు మడతపెడుతూ నెమ్మదిగా అంది. "ఏమండీ, ఇక బయలుదేరదామా?"

పంతొమ్మిది రిహార్సల్స్ చేసిన మనిషికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. తాళం జేబులో పెట్టుకుని ఇల్లంతా తాళం కోసం వెతికాడు. కారు వెనక సీట్లో కూర్చుని స్టీరింగ్ ఏదని అడిగాడు. ఆవిడే అతన్ని ముందు సీట్లో కూర్చోబెట్టి, మామయ్యకు ఒక ఫోన్ చేసి, వెనక సర్దుకుని కూర్చుంది.

ఎనిమిదో కిలోమీటరు దగ్గర ఎత్తు నిటారుగా ఉంటుంది. సరిగ్గా అక్కడ ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలిగింది. కారు రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టి, లోపల టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. తాళం ఎన్నిసార్లు తిప్పినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. అల్లుడు పరుగున వెళ్ళి డిక్కీ తెరిచాడు. ఖాళీ! అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"చూశావా? అన్నీ ఉంచుకోవాలనే కదా నేను మొత్తుకున్నది! అన్నీ దింపేయించాడు మీ మామయ్య!"

"కంగారుపడకండి. మామయ్య వస్తున్నాడు" అంది ఆవిడ, నొప్పికి సీటు గట్టిగా పట్టుకుంటూ.

"ఆ వ్యానులోనా? అది ఇక్కడికి వచ్చేసరికి మన పాప బడికి వెళ్తుంది!"

దారిన ఇంకో బండి లేదు. ఆస్పత్రికి ఫోన్ చేస్తే అంబులెన్సు అవతలి ఊరికి వెళ్ళిందన్నారు. నొప్పులు దగ్గరపడుతున్నాయి. అల్లుడు రోడ్డు మధ్యలో నిలబడి గడియారం చూశాడు, కొండ చూశాడు, భార్య మొహం చూశాడు. పదేళ్ళుగా చదివిన కాగితాలన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. అంతలో మలుపు అవతల ఒక మూలుగు వినిపించింది. ఆ నిటారు ఎత్తులో మనిషి నడక కన్నా నిదానంగా, వెనక భాగం నేలకు ఆనించుకుని, కాటా మామయ్య వ్యాను కనిపించింది. షెడ్డు కొండ మొదట్లోనే కాబట్టి మేనకోడలి ఫోన్ రాగానే బయలుదేరాడు.

మామయ్య దిగి, వెలుగుతున్న పసుపు లైటు చూసి, అల్లుడి మొహం చూశాడు.

"ఎవడి చేత చేయించావు?"

"అద్దాల షాపు" అన్నాడు అల్లుడు. "ముప్పై శాతం అన్నాడండీ."

"తిట్లు తరవాత పెట్టుకుందాం. రా, ఒక చెయ్యి వెయ్యి."

ఇన్నేళ్ళుగా ఎవరూ చూడని వ్యాను వెనక తలుపులు ఆయన బార్లా తెరిచాడు. అల్లుడు నోరెళ్ళబెట్టాడు. అన్నిటికన్నా ముందు అతని సామానే ఉంది. నీళ్ళ డబ్బాలు, పరుపు, స్టవ్వు, గొడుగులు నాలుగూ. దాని వెనక జిమ్ము డంబెల్సు. ఆ వెనక హెడ్మాస్టరుగారి పేపర్ల కట్టలు. పైకప్పు దాకా ఊరందరి డిక్కీలూ అందులో ఉన్నాయి. ప్రతిదానికీ అట్టముక్క కట్టి, ఎవరిదో, ఫోన్ నంబరు ఎంతో రాసి ఉంది.

"ఇవన్నీ మీరు మోసుకు తిరుగుతున్నారా?"

"దింపమన్నది నేనేగా? దారిలో ఎవరికైనా అవసరం పడితే అందించాల్సింది ఎవరు మరి? వాళ్ళ ధైర్యమంతా ఇందులో ఉందయ్యా. చెత్తలో పారేయమంటావా?"

ఊళ్ళో ఎవరి బండి ఎక్కడ ఆగినా, వాళ్ళ తాడూ వాళ్ళ నీళ్ళ డబ్బా పట్టుకుని మామయ్య ఆలస్యంగానైనా ఎలా వచ్చేవాడో అల్లుడికి అప్పుడు తెలిసింది. తెలుసుకుని ఆశ్చర్యపోయే తీరిక మాత్రం లేదు.

"దింపు. అన్నీ. పరుపొక్కటి ఉంచు, అమ్మాయికి."

ఇద్దరూ ఒళ్ళు తెలియకుండా దింపారు. ఏడు నిమిషాల్లో రోడ్డు పక్కన చిన్న కొండ తయారైంది. వ్యాను వెనక భాగం జానెడు పైకి లేచింది. అమ్మాయిని పరుపు మీద కూర్చోబెట్టి, మామయ్య తాళాలు అల్లుడి చేతిలో పెట్టాడు.

"మీరు రండి మామయ్యగారూ! ఈ బండి నాకు అలవాటు లేదు!"

"నేను ఎనభై నాలుగు కిలోలు. నేనూ దిగుతున్నాను. కాలు మెత్తగా ఆనించు, అది పోతుంది. దాని కంప్యూటరు నేను చేసింది."

అల్లుడు భయంభయంగా కాలు ఆనించాడు. ఊరంతా నవ్విన ఆ ముసలి టర్బో డీజిల్ వ్యాను ఒక్క ఉదుటున లేచింది. మలుపు తరవాత మలుపు, గేరు తగ్గించే పని లేకుండా, మిగిలిన నాలుగు కిలోమీటర్లూ ఆరు నిమిషాల్లో ఎక్కేసింది. గుమ్మంలో నర్సు అతన్ని చూసి, "మళ్ళీ వచ్చారా?" అనబోయి, వెనక ఉన్న ఆవిడను చూసి స్ట్రెచరు కోసం పరిగెత్తింది. ఇంకో ఇరవై నిమిషాలకు లోపలి నుంచి ఏడుపు వినిపించింది. అది విని అల్లుడు కూడా సిగ్గు లేకుండా ఏడ్చాడు.

తల్లీ పాపా క్షేమమని డాక్టరు చెప్పాక, ఇద్దరూ కునుకు తీశాక, మధ్యాహ్నం అతను వ్యానులో కారు ఆగిన చోటికి దిగి వచ్చాడు. రోడ్డు పక్కన నాలుగు గొడుగులు కలిపి కట్టిన నీడలో మామయ్య కూర్చుని ఉన్నాడు. అల్లుడి స్టవ్వు మీద, అల్లుడి నీళ్ళతో టీ మరుగుతోంది. చేతిలో ఎవరిదో ముప్పై ఏళ్ళ నాటి పరీక్ష పేపరు. "ఈ కుర్రాడికి రెండు మార్కులు తక్కువ వేశారు హెడ్మాస్టరుగారు" అన్నాడు గానీ, పేపరు తలకిందులుగా ఉంది.

"ఫోన్ ఎత్తవేం అల్లుడూ? పదిహేను సార్లు చేశాను!"

అల్లుడు జేబులు తడుముకున్నాడు. ఫోన్ ఆగిపోయిన కారులోనే ఉండిపోయింది. మోగుతున్నది మామయ్యకే వినపడాలి గానీ, ఆ కంగారులో ఆయనకూ వినపడలేదు. ఇన్నాళ్ళూ ఊళ్ళో తనొక్కడే భయస్థుడనుకున్న అల్లుడికి ఎందుకో ప్రాణం తెరిపిన పడింది.

"పాప పుట్టింది మామయ్యగారూ. ఇద్దరూ బాగున్నారు."

మామయ్య పేపరు మడిచి కట్టలో పెట్టాడు. తరవాత అడిగాడు.

"బరువెంత?"

"రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు."

ఆయన వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "పరవాలేదు. మైలేజీకి తేడా రాదు" అని అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

ఈలోగా మామయ్య వ్యానులో వెంట తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌తో, కారులో ఆ కుర్రాడు రాసిందంతా చెరిపేసి, దాచిన కంపెనీ కాపీ మళ్ళీ ఎక్కించేశాడు కూడా. తాళం తిప్పగానే కారు మర్యాదగా పలికింది. ఇద్దరూ కలిసి సామాను వ్యానులోకి ఎక్కించడం మొదలుపెట్టారు. మామయ్య డంబెల్సుతో అవస్థ పడుతూ ఉండగా, అల్లుడు హెడ్మాస్టరుగారి పేపర్ల కట్టలు చడీచప్పుడు లేకుండా తన డిక్కీలో సర్దేశాడు.

మామయ్య తల తిప్పి చూశాడు. "అల్లుడూ! అవి నలభై ఒక్క కిలోలు! డిక్కీ తెరువు!"

"కొన్నాళ్ళు నేను మోస్తాను మామయ్యగారూ" అని అల్లుడు డిక్కీ టప్పున మూసి, కారెక్కి, పాప దగ్గరికి బయలుదేరాడు. వెనక నుంచి మామయ్య అరుపులు రెండు మలుపుల దాకా వినపడుతూనే ఉన్నాయి. ఆయన మాట వినకపోవడం అతనికి అది రెండోసారి. ఈసారి మాత్రం కారు ఎక్కడా ఆగలేదు.