చింతపండుతో తోమిన ముక్క

ఆయుధ పూజ మరునాడు నా కుడిచేతి మూడు వేళ్లు ఎర్రగా వాచాయి. అంతకు ముందు సాయంత్రమే వాంతులు. పూజలో పెట్టిన పొరి, అంటే మరమరాలు, శనగలు తిని ఆ గతి పట్టిన మనిషి కోయంబత్తూరులో వరసగా కట్టిన మా లైను ఇళ్లలో నేనొక్కణ్ణే. వీధి క్లినిక్‌లో "అలర్జీ" అన్నారు, ఆయింట్‌మెంట్ ఇచ్చారు.

నేను సెల్‌ఫోన్లు రిపేరు చేస్తాను. వారం తిరిగేసరికి నా ఫోనే నా వేలిముద్రను గుర్తుపట్టడం మానేసింది. జబ్బు ఫోన్‌కే అనుకున్నాను. బొబ్బలు వచ్చాక అనుమానం నా మీదికి మళ్లింది.

పెద్ద ఆసుపత్రిలో సీబీసీ రక్తపరీక్ష చేశారు. డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు చూశారు.

"తంబీ, డబ్ల్యుబీసీ, ప్లేట్‌లెట్స్ రెండూ పడిపోతున్నాయి. ఏం పట్టుకున్నారు?"

"ఏం లేదు డాక్టర్. పూజకు సామాన్లు తోమినా."

పూజకు ముందు ఇంట్లోని పనిముట్లన్నీ చింతపండుతో తోమడం మా వాడుక. ఈసారి మాతోనే ఉండే మేనమామ స్పానర్ల మధ్య వేలెడంత స్టీలు ముక్క ఉంది. తళతళలాడుతున్నా నాకు చాలలేదు. వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు రుద్దాను. గంధం, కుంకుమ కూడా పెట్టాను. డాక్టరమ్మకు ఇదంతా చెప్పబోతూ, నాతో వచ్చిన మామను చూశాను. ఆయన సీలింగ్ ఫ్యాన్‌ను చూస్తున్నాడు.

"మామా, ఆ ముక్క..."

"ఊరికే ఉండ్రా" అని నన్ను వరండాలోకి లాక్కెళ్లాడు. "మా కంపెనీలో వెల్డింగు అతుకులకు ఎక్స్‌రే తీసేవాళ్లు పోయినాక నేల మీద దొరికినాదిరా. చెప్తే దొంగంటారు. పని పోతాది."

"పని ఇంకోటి దొరుకుతాది మామా. వేలు దొరకదే."

ఎప్పుడూ నా జోకులకు నవ్వే మనిషి నవ్వలేదు. తనే లోపలికి వెళ్లి చెప్పాడు. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచారు.

"అది రేడియేషన్ సోర్స్ కావచ్చు. ఇప్పుడెక్కడుంది?"

"ఇంటి వెనక గోడవార, టూల్‌బాక్స్‌లో."

"ఆ గోడకు ఇవతల ఎవరు పడుకుంటారు?"

"అక్క." అంటే మా అమ్మ. అధికారులు వచ్చి లైనంతా ఖాళీ చేయించారు. రేడియేషన్ కొలిచే మీటరు వీధి మొదట్లోనే అరిచింది. కుంకుమబొట్టుతో సహా ఆ ముక్క సీసం పెట్టెలోకి వెళ్లింది. అంత మర్యాద మాకెవరికీ దొరకలేదు.

అదే రోజు రక్తం పరీక్షిస్తే అమ్మ కౌంట్లు, మామ కౌంట్లు కూడా తగ్గాయి. కంపెనీవాళ్లు మామకు ఒక దారి చూపారు: ముక్క వర్క్‌షాపులోనే పట్టుకున్నాను, ఇంటికి తేలేదని రాసిస్తే ఆయనకు పరిహారం ఇస్తారు, దొంగతనం కేసు ఉండదు. నేను, అమ్మ మాత్రం వాళ్ల వర్కర్లం కాము, మాకేమీ రాదు.

నా వేళ్లకు వేరేచోటి చర్మం అతికించి స్కిన్ గ్రాఫ్ట్ చేసిన రోజు మామ వార్డుకు వచ్చాడు.

"రాసిచ్చినావా?" అమ్మ అడిగింది.

"లేదక్కా. ఇంటికే తెచ్చినానని చెప్పేసినా. పని పోయినాది."

అమ్మ తన టిఫిన్ ఇడ్లీలు ఆయన వైపు జరిపింది.

మొదటి గ్రాఫ్ట్ నిలవలేదు. చూపుడువేలి కొన తీసేశారు. రెండోది నిలిచింది. అమ్మ కౌంట్లు మెల్లగా కోలుకున్నాయి. మా ముగ్గురి పరిహారం కేసు ఇంకా నడుస్తోంది. మామ ఆటో నడుపుతున్నాడు, నేను ఎడమచేత్తో స్క్రూలు తిప్పుతున్నాను. కేసుకంటే ఇద్దరం వేగమే.

ఇలాంటిది మీకు జరిగితే, మీతో పాటు ఇంట్లో ఉన్న అందరి రక్తం అదే రోజు పరీక్ష చేయించి రిపోర్టులు దాచుకోండి. అమ్మకు ఆ రోజు సీబీసీ తీయకపోయుంటే, ఆమెకేమీ కాలేదని కంపెనీవాళ్లు ఈపాటికి నాకే నచ్చజెప్పేవాళ్లు.