ఫ్రీమేసన్ల పత్రికలో అతిథి

డ్రాయింగు మాస్టారు సారంగపాణికి హనుమకొండలో ఒక మూసిన తలుపంటే చెప్పలేనంత గౌరవం. అది ఫ్రీమేసన్ల లాడ్జి తలుపు. రాళ్ళు చెక్కేవాళ్ళ మూలమట్టాన్నీ, వృత్తలేఖినినీ గుర్తులుగా పెట్టుకున్న సంఘం వాళ్ళది. లోపల ఏం చేస్తారో సభ్యులకు తప్ప తెలియదు. జనం మాత్రం దాన్ని దయ్యాల బంగ్లా అనేవారు.

1974లో ఆ లాడ్జి పత్రిక నడిపే ప్లీడరు రాజేశ్వర్ రావు గారు కోట గోడల మీద ఒక వ్యాసం అడిగారు. సున్నం లేకుండా రాయి మీద రాయి ఎలా నిలబడిందో పాణి రాశాడు. పైన 'అతిథి వ్యాసం' అని వేశారు. ఆ తర్వాత ప్రతి సంచికలోనూ పాణి వ్యాసం ఉండేది. పక్క క్లాసులో లెక్కలు చెప్పే నేను చదివి నోరు తెరిచేవాణ్ణి. ఆ గోడల పక్కనుంచే రోజూ బడికి వచ్చేవాణ్ణి, ఏనాడూ వాటిని చూడలేదని అప్పుడు తెలిసింది.

పాణికి ఆ సంఘంలో చేరాలని ఒకటే కోరిక. పిలుపు మాత్రం రాలేదు. మా వైపు బొట్టు పెట్టి పిలవందే సొంత అన్న ఇంట్లో పెళ్ళికైనా పోరు.

"పిలవకుంట ఎట్ల పోత సార్? వాళ్ళకు నా రాతలు కావాలె, నేనొద్దు," అని ఆఖరికి రాయడమే మానేశాడు.

నాకు ఒళ్ళు మండింది. రాజేశ్వర్ రావు గారింటికి పోయి కడిగేశాను. అప్పటికే ఆయన జబ్బుపడి మంచం పట్టి ఉన్నారు. అంతా విని మెల్లగా అన్నారు:

"మేం ఎవ్వరిని పిలవం సార్. చేరేటోడు తనంతట తనే అడగాలె. అది మా కట్టుబాటు. పాణి ఎప్పుడడుగుతడా అని ఇన్నేండ్లు చూస్తాన్న."

అడగడానికి ఒకరికి అభిమానం అడ్డం, పిలవడానికి ఇంకొకరికి కట్టుబాటు అడ్డం. అంతటి పట్టుదల నేనెక్కడా చూడలేదు.

పోయి పాణికి ఆ మాట చెప్పాను. విన్నవాడు విన్నట్టే లేచి, ఉతికిన చొక్కా వేసుకుని సైకిలెక్కాడు. వెళ్ళి అడిగాడు.

కొన్ని నెలలకు ఆయన్ను చేర్చుకున్న రోజు నేను గేటు బయటే నిలబడ్డాను. పాణి బయటికి వచ్చాక, లోపల ఏముందని అడిగాను.

"అది చెప్పొద్దు. ఒక్కటి చెప్త. నా కండ్లకు గంతలు కట్టి తీస్కపోయిండ్రు. ఎవరో నా చెయ్యి పట్టుకున్నరు. ఒక్క మాట మాట్లాడలే. ఆ చెయ్యి వణుకుతాంటే తెలిసింది సార్, ప్లీడర్ సాబ్ మంచంల నుంచి లేశొచ్చిండని."