గేదె కోసం ప్రార్థించిన నీళ్ళు

ఆ రోజుల్లో దేవుడికి నా గొంతు బాగా తెలుసుననుకునేదాన్ని. అనకాపల్లిలో కంప్యూటర్ సెంటర్లో కొత్త ఉద్యోగం, మా టౌను చర్చి క్వైర్లో ముందు వరస (పాడేది వెనక వరసవాళ్ళే అనుకోండి). ప్రార్థన మాత్రం పుస్తకంలో ఉన్నది చదవడమే తప్ప, సొంతంగా నోరు తెరిచిన పాపాన పోలేదు. అలాంటి నన్ను ఒక వేసవి ఆదివారం మా పెద్దమ్మ దేవరాపల్లి అవతల తన ఊరి పాత చర్చికి తీసుకెళ్ళింది. పెంకుల కప్పు, సున్నం గోడలు, దూలం మీద పిచ్చుకలు. చాపల మీద కూర్చుని అందరూ తీరిగ్గా పాడుతుంటే, పెంకుల సందుల్లోంచి జారిన ఎండ ఒక తల మీంచి ఇంకో తల మీదికి మెల్లగా నడుస్తోంది. దాన్ని చూస్తూ నేను సగం నిద్రలోకి, సగం పరలోకంలోకి జారిపోయాను.

అక్కడివాళ్ళు సీసాల్లో నీళ్ళు తెచ్చి ఆరాధన బల్ల ముందు పెడతారు. పాస్టరుగారు ప్రార్థన చేశాక ఇంటికి పట్టుకెళ్ళి జబ్బు చేసినవాళ్ళకి తాగిస్తారు. టౌనుదాన్ని, నాకేం తెలుసు? ఆరాధన అయ్యాక పెద్దమ్మ ఒక సీసా తెచ్చి నా పక్కన పెట్టింది. నా మీద ఎంత ప్రేమో అనుకుని గడగడా తాగేశాను.

"ఓలమ్మో! ఏటే, తాగీసేవా? గేదె నీల్లే అయ్యి!"

పెద్దమ్మవాళ్ళ గేదె మేత ముట్టడం మానేసిందట, దానికి తాగించాలని ప్రార్థన చేయించిన నీళ్ళట అవి. ఆ పాల మీదే వాళ్ళ ఇల్లు నడుస్తోంది. పాస్టరుగారేమో అప్పటికే ఇంకో ఊరి ఆరాధనకి సైకిలెక్కి వెళ్ళిపోయారు. పెద్దమ్మ కళ్ళల్లో నీళ్ళు చూసి నా ప్రాణం ఉసూరుమంది. ఆవిడ మాత్రం కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆ పార్తన ఇప్పుడు నీ కడుపులో ఉంది కదే. నడు, నువ్వే సెయ్యి" అంది.

పాకలో గేదె వీపు మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాను. పుస్తకంలో గేదెకి ప్రార్థన లేదు. "ప్రభువా... ఇది మా పెద్దమ్మ గేదె... మంచిది... నీళ్ళు నేను తాగేసేను, దాని తప్పేం లేదు... దానికి ఆకలి పుట్టించు తండ్రీ" అంటూ నిజంగానే ఏడ్చేశాను. అంతలో ఎవరో చున్నీ లాగారు. ఇక చాలు, ఆమెన్ అనమంటోంది కాబోలు పెద్దమ్మ అనుకుని కళ్ళు తెరిచాను. చున్నీ సగం గేదె నోట్లో ఉంది.

"మేత్తంది! సోత్రం తండ్రీ, మేత్తంది!" అని పెద్దమ్మ గంతులేసింది. గడ్డి అందిస్తే అదీ మేసింది. (నా కొత్త చున్నీ కోసం ఎవరూ ప్రార్థించలేదు.)

ఇప్పుడు మా చర్చిలో ఏసీ, పెద్ద తెర, మంచి మైకులు. నేనూ మైకు పట్టుకుని చక్కటి మాటలతో ప్రార్థిస్తాను, బాగుందంటారు. బాగానే ఉంటుంది గానీ, ఆ పాకలో తడబడిన పిల్లకున్న నమ్మకం ఈ మాటల్లో ఉందో లేదో నాకే తెలియదు. ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా. అందుకే ఇప్పటికీ కళ్ళు మూసుకునే ముందు, ఎవరైనా లాగుతారేమోనని చీర కొంగు కొంచెం వెనక్కి వదిలేస్తాను.