చెవి మేస్త్రి పోసిన కొత్త ఆయిలు

లారీ షెడ్లు వరసగా ఉన్న ఆ రోడ్డులో అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. చెవి మేస్త్రి అంటే చాలు, నిన్నగాక మొన్న స్టీరింగు పట్టుకున్న డ్రైవరు కూడా దారి చూపిస్తాడు. అతని దగ్గర మూరెడు పొడవున్న స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది. ఇంజను తిరుగుతుండగా దాని మొన ఇనుము మీద ఆనించి, చెక్కపిడిని చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి కళ్ళు మూసుకునేవాడు. ఓ నిమిషం. ఆ తర్వాత కళ్ళు తెరిచి మూడో సిలిండరు వాల్వనో, పంపు బేరింగనో అనేవాడు. విప్పి చూస్తే అదే. పాతికేళ్ళలో అతని మాట తప్పిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందుకు ఒక చెయ్యి చాలు.

షెడ్డు ముందు భాగంలో ఓ ఇనప టేబులు, దాని వెనక ర్యాకులు. అక్కడ కూర్చుని ఫిల్టర్లు, బెల్టులు, గాస్కెట్లు అమ్మేది అతని భార్య. పెళ్ళయిన కొత్తలో డీజిలు వాసనకి ముక్కు మూసుకున్న మనిషి. ఇరవై మూడేళ్ళు ఆ రొదలో కూర్చున్నాక ఏ చప్పుడు మంచిదో, ఏది చెడ్డదో ఆమెకి ఒంటబట్టేసింది. ఆమెనెవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చెప్పలేదు. మేస్త్రి భార్యకి ఇంజను గురించి ఏం తెలుస్తుందిలే అనుకునే మహానుభావులే ఆ రోడ్డు నిండా.

అతని వినికిడి పోతోందని ముందు కనిపెట్టిందీ ఆమే. ఓ పొద్దున మొహం కడుక్కుని కుళాయి కట్టేయకుండా వచ్చి కూర్చున్నాడు. బకెట్టు నిండి, పొర్లి, నీళ్ళు గడప దాకా వచ్చినా పేపరులోంచి తలెత్తలేదు. ఆమె కుళాయి కట్టేసి, నేల తుడిచి ఊరుకుంది. ఆ మర్నాటినుంచి ఇంట్లో గొంతు పెంచి మాట్లాడటం మొదలుపెట్టింది. వీధిలో హారన్ల గోల ఎక్కువైందని సాకు చెప్పింది. అతనూ ఆ సాకునే పట్టుకుని వేలాడాడు, వెధవ హారన్లు అని తిట్టుకుంటూ. డాక్టరు మాట ఒకే ఒక్కసారి ఎత్తింది. ఆ రోజు రెండు పూటలూ అతను కంచం ముందుకి రాలేదు. ఇంక ఎత్తలేదు. మొగుడి పరువు కాపాడటమంటే నోరు మూసుకోవడమేనని ఆమెకి నేర్పినవాళ్ళెవరో గానీ, ఆమె మాత్రం బాగా నేర్చుకుంది.

షెడ్డులో పని ఎప్పటిలాగే సాగిపోయింది. ఎలా సాగుతోందో ఆమెకి అంతుపట్టేది కాదు. స్క్రూడ్రైవరు ఆనించేవాడు, కళ్ళు మూసేవాడు, తెరిచి ఓసారి అటూ ఇటూ చూసేవాడు, డ్రైవర్ని రెండు ప్రశ్నలు అడిగేవాడు, చెప్పేవాడు. చాలాసార్లు సరిగ్గానే చెప్పేవాడు. ఎముకలోంచి కాస్తో కూస్తో తెలుస్తోందేమోలే అని ఆమె మనసుకి సర్దిచెప్పుకుంది.

ఆమెకి ఒక్కడే తమ్ముడు. తల్లి పోయాక ఆమె చేతుల మీద పెరిగాడు. వాడికి పని నేర్పిందీ, స్టీరింగు చేతికిచ్చిందీ, పాత లారీ ఒకటి వెతికి కొనిపించిందీ బావే. పెళ్ళయి నాలుగేళ్ళు, ఓ కూతురు. మనసు మంచిదే గానీ నోట్లో వేళాకోళం ఎప్పుడూ ఆడుతూనే ఉండేది. వాడి లారీకి పన్నెండేళ్ళు. ఆయిలు ప్రెషరు చూపించే మీటరు ఎప్పుడో చచ్చి, ముల్లు సున్నా మీద పడుకుంది. మార్పిస్తానంటే బావ ఒప్పుకోలేదు. నా చెవులుండగా నీకు ముల్లెందుకురా అన్నాడు. అది ఐదేళ్ళ కిందటి మాట. అప్పటికి ఆ మాట నిజమే.

ఓ ఉదయం తమ్ముడు రెండు పెద్ద డబ్బాలు మోసుకొచ్చి షెడ్డులో దింపాడు. సింథటిక్ ఆయిలు. కొండ అవతలి ఫ్యాక్టరీకి రాయి తోలే పని కొత్తగా దొరికింది. రోజు విడిచి రోజు నిండు లోడుతో కొండెక్కాలి. మామూలు ఆయిలు ఆ వేడికి తొందరగా చచ్చిపోతుంది, ఇదైతే రెట్టింపు దూరం నడుస్తుంది, మాటిమాటికీ బండి ఆపక్కర్లేదు అని అమ్మకాలవాడెవడో చెప్పాడట. చెప్పినదాంట్లో అబద్ధం లేదు.

మేస్త్రి మూత తీసి, వేలు ముంచి, బొటనవేలితో రాసి చూశాడు. సరుకు మంచిదేనన్నాడు. కానీ పన్నెండేళ్ళ మడ్డి ఇంజను అడుగున పేరుకుని ఉంటుంది. ఈ ఆయిలుకి కడిగే గుణం ఎక్కువ. ఊడొచ్చిన మడ్డంతా పంపు నోటికున్న జాలీకి అడ్డం పడిందంటే ఆయిలు పైకెక్కదు, బేరింగులు ఎండి అరిగిపోతాయి. అందుకని ముందు చాంబరు విప్పాలి, అంటే ఇంజను కింద ఆయిలు నిలవుండే ఇనప తొట్టి. దాన్ని గోకి, జాలీ కడిగి బిగించి, అప్పుడు కొత్తది పోయాలి. రెండు రోజుల పని. చిన్నపిల్లాడికి చెప్పినట్టు విడమరిచి చెప్పాడు. పనిలో అతనికి తెలియంది లేదు, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాల్సిందే.

తమ్ముడికేమో తెల్లారితే లోడు. మొదటి ట్రిప్పుకే మొహం చాటేస్తే ఆ పని ఇంకొకడి చేతికి పోతుంది. బావని కాళ్ళావేళ్ళా పడి బతిమాలాడు. మేస్త్రి గడ్డం గోక్కుని, చివరికి మెత్తబడ్డాడు.

"సరే, ఇప్పటికి పోసేస్తా. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక తీసుకురా. నేను వింటా. తేడా ఉంటే అప్పుడు విప్పుదాం."

నేను వింటా అన్న మాట దగ్గర ర్యాకు తుడుస్తున్న ఆమె చెయ్యి ఆగింది. మళ్ళీ తుడవసాగింది.

వేడి మీద పాత ఆయిలు దించారు. ఫిల్టరు మార్చి కొత్తది పోశారు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. మేస్త్రి స్క్రూడ్రైవరు ఆనించి విని, ఎంత మెత్తగా ఉందిరా, ఉందో లేదో తెలియకుండా తిరుగుతోంది అన్నాడు. కొంత నిజమే, ఆమెకీ తేడా తెలిసింది. కానీ అతని మొహంలో సంతోషం ఆ కాస్త తేడాకి మరీ ఎక్కువ. పాపం, వినబడకపోవడానికి ఇన్నాళ్ళకి అతనికో మర్యాదైన కారణం దొరికింది. ఆ నెలంతా షెడ్డుకొచ్చిన ప్రతి బండికీ సింథటిక్ పోయించుకోమని వెంటపడ్డాడు. అమ్మకాలవాడు కూడా అంతలా పొగిడి ఉండడు. చూస్తుంటే ఆమెకి నవ్వొచ్చింది, ఆ వెనకే భయమూ వేసింది.

మూడు వారాలకి తమ్ముడు వచ్చాడు. లోడు ఎత్తుకోవడానికి పోతూ దారిలో ఆగాడు. షెడ్డు ముందు బల్ల మీద నలుగురు డ్రైవర్లు టీ తాగుతున్నారు. కొండెక్కేటప్పుడు లోపల టకటకమంటోంది బావా, ఓసారి చూడు అని వాడు ఇంజను ఆన్ చేసి యాక్సిలరేటరు తొక్కాడు.

టేబులు దగ్గర కూర్చున్న ఆమె గబుక్కున లేచి నిలబడింది. లోపల ఎక్కడో సన్నని సుత్తి దెబ్బ, ఆగకుండా, తొక్కినకొద్దీ గట్టిగా. ఆ చప్పుడు ఆమెకి తెలుసు. ఇలాంటి చప్పుడుతో వచ్చిన బండిని ఒకప్పుడు మేస్త్రి గేటు దాటనిచ్చేవాడు కాదు, అక్కడికక్కడే తాళాలు లాక్కునేవాడు.

మేస్త్రి పిడి చెవి వెనక నొక్కిపెట్టి కళ్ళు మూసుకున్నాడు. ఒక నిమిషమైంది. రెండయ్యాయి. అతని నుదుటి మీద చెమట పట్టింది. తమ్ముడు క్యాబిన్లోంచి తల బయటపెట్టి నవ్వాడు.

"ఏంటి బావా, చెవులు గానీ రిటైరయ్యాయా?"

బల్ల మీద నలుగురూ పగలబడి నవ్వారు. మేస్త్రి కళ్ళు తెరిచాడు. అటూ ఇటూ చూశాడు. స్క్రూడ్రైవరు గుడ్డతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఏం లేదురా. కొత్త ఆయిలు కదా, నీకింకా అలవాటు కాలేదు. పో, లోడు ఎత్తుకో."

ఆమె టేబులు అంచు దాకా వచ్చింది. నోరు తెరిచింది. నాకు వినబడుతోంది అని ఆమె అంటే, మీకు వినబడటం లేదు అని నలుగురి ముందూ అన్నట్టే. సాయంత్రానికల్లా ఆ మాట రోడ్డు ఈ చివర్నుంచి ఆ చివరికి పాకుతుంది. చెవి పోయిన చెవి మేస్త్రి దగ్గరికి ఎవడొస్తాడు? ఒక్క ట్రిప్పే కదా, వాడు తిరిగొచ్చాక ఇంట్లో మెల్లగా చెప్పి, ఏదోవిధంగా చాంబరు విప్పిద్దాం అనుకుంది. ఆ మనిషి అలా అనుకున్నందుకు తిట్టబుద్ధవుతుంది, కానీ ఆ క్షణంలో మనలో ఎంతమందిమి అలా అనుకోం? తమ్ముడు చెయ్యూపి, వస్తానక్కా అన్నాడు. జాగ్రత్తరా అంది.

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. కొండదారి మూడో మలుపులో ఇంజను పట్టేసింది. నిండు లోడుతో బండి ఆగిపోయింది. వెనక చక్రానికి రాయి అడ్డం పెడదామని తమ్ముడు దిగాడు. హ్యాండ్‌బ్రేకు ఆ బరువుని ఆపలేకపోయింది, బండి వెనక్కి వాడి మీదికి దొర్లింది. వెనకొస్తున్న డ్రైవరెవరో ఈ కబురు చెప్పి ఏడ్చాడు.

మేస్త్రి బండి కింద పడుకుని బోల్టు బిగిస్తున్నాడు. ఆమె పక్కన కూలబడి, అలాంటి కబురు చెప్పే గొంతుతోనే చెప్పింది. ఏంటీ అన్నాడు. మళ్ళీ చెప్పింది. ఏంటే, సరిగ్గా చెప్పు అన్నాడు. అప్పుడు ఆమె అరిచింది. తమ్ముడు చచ్చిపోయాడని గొంతు చించుకుని అరిచింది. రోడ్డంతా విన్నాకే అతను విన్నాడు.

ఆ తర్వాత జనం నోళ్ళకి అదుపు లేకుండా పోయింది. దిక్కుమాలిన కొత్త ఆయిలు నిక్షేపంలాంటి మనిషిని పొట్టన పెట్టుకుందన్నారు. అమ్మకాలవాడు ఆ వైపు రావడం మానేశాడు. సింథటిక్ పోయించుకున్నవాళ్ళు పరుగున వచ్చి దించేయమన్నారు. మేస్త్రి దించాడు. ఆయిలు చేసిన పాపం లేదని ఆ రోడ్డు మొత్తం మీద తెలిసినవాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండి ఆ మాట ఎత్తలేదు.

రెండు వారాలకి లారీని లాక్కొచ్చి షెడ్డులో పెట్టారు. మేస్త్రి ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. ఒక్కడే కిందకి దూరి చాంబరు విప్పాడు. అడుగున మడ్డి పెచ్చులు పెచ్చులుగా ఉంది. జాలీ అంగుళం ఖాళీ లేకుండా పూడిపోయింది. ఆయిలు తన పని తాను చేసింది, పన్నెండేళ్ళ మురికి కడిగిపెట్టింది. బేరింగులు నీలంగా మాడి, రేకుల్లా అరిగి ఊడొచ్చాయి. అన్నిటినీ పాత పేపరు మీద వరసగా పేర్చి, వాటి ముందు నేల మీద కూర్చుండిపోయాడు.

ఆమె షట్టరు సగం దించింది. వెళ్ళి అతనికి ఎదురుగా కూర్చుంది. ఈ పద్నాలుగు రోజులూ దాచుకున్న మాట అప్పుడు బయటపెట్టింది.

"ఆ రోజు నాకు వినబడిందండీ. మీ పరువు చూసుకుని నోరు మూసుకున్నా. నా తమ్ముణ్ణి నేనే పంపించేశా."

అతను ఆమె పెదాలనే చూస్తూ ఉన్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"నీకు వినబడిందని నాకు తెలుసు. మూడేళ్ళుగా నేను వింటున్నది ఇంజన్ని కాదు, నీ మొహాన్ని. చెడ్డ చప్పుడైతే నీ కనుబొమలు ముడిపడతాయి. ఆ రోజు నువ్వు లేచి నిలబడ్డావు కూడా. అంతా చూశా. వాడు నలుగురిలో నవ్వాడని, చూసి కూడా పొమ్మన్నా."

ఆమెకి ఏడుపు రాలేదు. అటూ ఇటూ చూసేవాడు అనుకున్న ఆ చూపు ఇన్నేళ్ళూ ఎటు వచ్చి ఆగేదో అప్పుడు తెలిసింది. అతని చొక్కా పట్టుకుని గుంజి, భుజం మీద పిడికిలితో కొట్టింది, చెయ్యి నొప్పెట్టేదాకా కొట్టింది. అతను కదల్లేదు. ఆమె చెయ్యి ఆగాక లేచి, చేతులు డీజిలుతో కడుక్కుని, సబ్బుతో మళ్ళీ కడుక్కున్నాడు. పూడిపోయిన జాలీని పేపరులో చుట్టాడు.

"నీ మరదలి దగ్గరికి పోదాం పద. ఆయిలు వల్ల పోయాడని నమ్ముతోంది ఆ పిల్ల. నేను చెప్తా. తర్వాత అది అనేది నాకు వినబడదు. నువ్వు నా ఎదురుగా కూర్చుని చెప్పు. ఒక్క తిట్టు కూడా తగ్గించకు."

వెళ్ళారు. తమ్ముడి భార్య కూతుర్ని ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. మేస్త్రి జాలీ విప్పి ఆమె ముందు పెట్టి, తన చెవుల సంగతి, ఆ రోజు సంగతి దాచకుండా చెప్పాడు. నేనూ విన్నాను, విని ఊరుకున్నాను అని అతని భార్య తన వంతు కూడా చెప్పింది. ఆ పిల్ల ముందు నమ్మలేదు. నమ్మాక పాపని లోపలికి పంపేసి మొదలుపెట్టింది. చాలాసేపు మాట్లాడింది. మేస్త్రి భార్య అతనికి ఎదురుగా కూర్చుని, పెదాలు బాగా కదుపుతూ, ఒక్కో మాటా అతనికి అందించింది. తనని వదినా అని కాకుండా ఇంకేదో అని పిలిచిన మాట కూడా అందించింది.