గండిలో అడవి చుక్కకూర

ఎండబెట్టిన మొక్కలను అట్టల మీద అతికించి దాచే గది మా కాలేజీలో ఉండేది. హెర్బేరియం అనేవాళ్ళం. అందులో అడవి చుక్కకూర షీటును పురుగులు తినేసి కాడ ఒక్కటే మిగిలింది. దొరికిన చోటు గిద్దలూరు దగ్గరి ఒక గండి అని కింద చీటీ మీద ఉంది. "మీ వైపే కదా, ఈసారి సెలవులకు పోయినప్పుడు కొత్తది తీసుకురా" అన్నారు మా మేడం. అప్పుడు నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను.

ఇంట్లో చెబితే నాయన ఒప్పుకోలేదు. "ఒక్కదానివే ఎట్ల పోతావు? నేనూ వస్తా." ఆయనకు పొడిదగ్గు. చలికాలంలో మొదలైతే ఊపిరి తిప్పుకోనిచ్చేది కాదు.

బైక్ చేనుగట్టున ఆపి, ఎండిన వాగులో నడిచాం. రెండువైపులా కొండ దగ్గరపడుతూ వచ్చింది. గాలి లేదు, పిట్ట కూత లేదు. ఇక దారి లేదన్నట్టు గండి ఒక నిలువు బండ దగ్గర ఆగిపోయింది. ఆ బండ చీలికలో, తడి ఊరేచోట, ఎర్రటి పల్చని కాయలతో చుక్కకూర. మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో సహా తీశాను.

నాయన నా భుజం నొక్కాడు.

"ఎలుగు" అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా. "పిల్ల కూడా ఉంది. కదలొద్దు పాపా."

మేము వచ్చిన దారిలోనే, రాయి విసిరితే తగిలేంత దూరంలో, తల్లి ఎలుగుబంటి చెదపుట్టను తవ్వుతోంది. పిల్ల దాని వీపు మీద ఉంది. ఒక బండ చాటుకు జరిగి కూర్చున్నాం. గోళ్ళు మట్టిని లాగే చప్పుడు, బుస్సుబుస్సుమని పుట్టలోకి ఊదే చప్పుడు.

అప్పుడే నాయన గొంతులో గరగర మొదలైంది. కండువా నోటికి అదుముకున్నాడు. భుజాలు అదురుతున్నాయి.

"దగ్గు వస్తాంది పాపా, ఆగేట్టు లేదు."

నీళ్ళ సీసా బైక్ దగ్గరే ఉండిపోయింది. చేతిలో ఉన్నది ఆ మొక్కే. పులుపుకు నోరూరి గొంతు తడుస్తుందని ఆకులు తుంచి ఆయన నోట్లో పెట్టాను. ముఖమంతా ముడుచుకుంది. నమిలి మింగాడు. ఇంకా తుంచాను. కొమ్మకు కాయలు తప్ప ఏమీ మిగలలేదు.

అయినా ఒక్క దగ్గు తప్పించుకుంది.

తవ్వకం ఆగింది. తల్లి వెనక కాళ్ళ మీద లేచి మా వైపు తిరిగింది. ఇంట్లో అమ్మకు ఎవరు పోయి చెబుతారు అన్న మాట ఒక్కటే నా తలలో తిరిగింది. నాయన లేచి, చేతులు చాపి, నాకు అడ్డంగా నిలబడ్డాడు. అరవలేదు, కదల్లేదు. ఎంతసేపో తెలియదు. అది ధబ్బున ముందుకాళ్ళు దించింది, పిల్ల వీపునంటుకుని ఉండగానే పక్కనున్న వాలెక్కి పొదల్లోకి పోయింది.

ఎండ బండల పైకి పోయేదాకా కదల్లేకపోయాం. తర్వాత చప్పట్లు చరుస్తూ, వెనక్కి చూసుకుంటూ బయటపడ్డాం.

కొమరోలులో టీ అంగడి దగ్గర ఆగాం. నాయన గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఏంది నాయనా, అట్ల ముందుకు పోయి నిలబడితివి?"

"ఏమో పాపా" అన్నాడు. "నేను పోదామనుకోలా. కాళ్ళే పోయినాయి."