చీటీలో పట్టని ఆఖరి అంకె

కర్నూలులో నా అంత బేరగాడు లేడని మీరు ఒప్పుకోవాలి. మూడు రోజుల పరీక్షను పది నిమిషాల్లో ముగించి, మూడు రోజుల కూలీ పుచ్చుకున్నవాణ్ణి. ఆ ఘనతను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను, దించుకునే చోటు దొరకలేదు. మీకు చెబుతున్నాను, మీరు నన్ను ఎరగరు కాబట్టి.

మాది దుకాణాల కుటుంబం. బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి చూసి మొత్తానికి ధర కట్టడం నాన్న దగ్గర నేర్చుకున్నాను. 2006లో నందికొట్కూరులో ఒక వేరుశనగ మండీకి తూకం చీటీల ప్రోగ్రాం చేసిందీ అదే పద్ధతిలో. నా విండోస్ కంప్యూటర్ మీద జావా అనే ప్రోగ్రాం భాషలో రాశాను. మండీలో మాత్రం ఖర్చు తగ్గుతుందని, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ పెట్టించాను. జావా ఎక్కడైనా ఒకేలా నడుస్తుందని యజమానికి మాటిచ్చి, అక్కడ పరీక్షించడానికి విడిగా మూడు రోజుల కూలీ అడిగాను.

పరీక్ష అంటే ఒక్క చీటీ. పది క్వింటాళ్ళు కొట్టాను. 10.00 రావాలి, 10.0 వచ్చింది. నా సన్నని ఫాంటు ఆ లినక్స్‌లో లేదు. దాని బదులు వచ్చిన అక్షరాలు లావు, గడిలో ఆఖరి అంకె పట్టలేదు. నేను చూశాను. సున్నాయే కదా, పోతే ఏం తగ్గింది అనుకున్నాను. నిజంగా అలా అనుకున్నానా, లేక కర్నూలు బస్సు తప్పిపోతుందని అలా సర్దిచెప్పుకున్నానా?

రైతుల తూకాలు సున్నాలతో ముగియవు. 12.85 చీటీ మీద 12.8 అయింది. అయిదు కిలోలు మాయం. రైతుకు డబ్బిచ్చేది చీటీ చూసే.

చీటీలు తీసే గుమాస్తా మాబూసాబ్, యాభై దాటిన మనిషి. నెల తిరక్కముందే నన్ను పట్టుకున్నాడు.

"ఏమప్పా, ఆఖరంకె యాడికి పోతాంది? రైతులు నన్ను దొంగంటాండారు."

"నువ్వు కాగితం వంకరగా పెడ్తాండావు మామా. మిషన్ తప్పు చేస్తాదా?"

ఆయన నవ్వాడు. "చేత్తో రాసినన్నాళ్ళు నా గీత వంకర పోల్యా. ముసలోణ్ణయితి కదప్పా. సరేలే, సూటిగా పెడ్తా."

మరోసారి వెళ్ళినప్పుడు ఆయన స్కేలు ఆనించి ప్రింటర్‌లో కాగితం సరిచేస్తున్నాడు. నేను వేరే వైపు చూశాను.

తర్వాత ఒక రైతు వేరే కాటా మీద తూయించుకొచ్చి గొడవ చేశాడు. యజమాని మాబూసాబ్‌ను మాన్పించాడు. ఆ వారమే నేను కొత్త వెర్షన్ అని చెప్పి గడిని వెడల్పు చేశాను. అరగంట పని. కొత్త గుమాస్తా చేతిలో చీటీలన్నీ సరిగ్గా వచ్చాయి. దాంతో దొంగ మాబూసాబే అని ఊరంతా తేల్చేసింది. నేను తప్పు దిద్దడమే ఆయన మీద రుజువైంది. అప్పుడైనా నోరు విప్పవచ్చు కదా? విప్పితే తీసుకున్న కూలీ తిరిగివ్వాలి. అంతే, అంతకన్నా పెద్ద కారణం వెతికినా దొరకడం లేదు.

ఆయన ఎక్కడున్నాడో నాకు తెలియదు. తెలుసుకోలేదు అనడం సరైన మాట.

ఇక బిల్లు వేస్తాను. నాకు వచ్చింది మూడు రోజుల కూలీ, వేళకు దొరికిన ఒక బస్సు. రైతులకు పోయిన కిలోలు ఎన్నో లెక్క లేదు. మాబూసాబ్‌కు పోయింది ఉద్యోగం, దానితో పాటు పేరు. ఇప్పటికి నేను కట్టింది ఈ నిజం రాసిన ఒక్క కాగితం. మిగతాదంతా బాకీ.