గాలిలో గొర్రెను పట్టుకున్నవాడు

నెవిల్ టాంకిన్‌ని మా ఊళ్లో ఎవరూ పూర్తి పేరుతో పిలవరు. నెవ్ అంటారు, అంతే. అరవై రెండేళ్ల మనిషి, కట్టెపుల్లలా ఉంటాడు. నలభై ఒక్క ఏళ్లు గొర్రెల ఉన్ని కత్తిరించి బతికాడు. ఆ పని చేసినవాళ్లని దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. బేకరీ ముందు నిలబడినా, చర్చిలో నిలబడినా, కింద ఏదో పారేసుకున్నట్టు కాస్త ముందుకి వంగే ఉంటారు. ఊరి బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఇరవై రెండేళ్లుగా పక్కింట్లో ఉన్నాను కదా, ఆయన నడుం నిటారుగా ఉండగా నేను చూసింది తక్కువ.

ఆయనకి ఎత్తంటే భయం. మామూలు భయం కాదు. ఇంటి కప్పు అంచున ఆకులు పేరుకుంటే నిచ్చెన ఎక్కేది ఆయన భార్య గ్లెనిస్. నెవ్ కింద నిచ్చెన పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. నేను నా గోడ మీంచి చూసి ఎన్నిసార్లు నవ్వుకున్నానో. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఈ గ్లెనిస్ పోస్టాఫీసులో రిటైరైంది. ఆ తర్వాత, యాభై ఎనిమిదో ఏట, ఊరి బయట విమానాల మైదానంలో ఉన్న స్కైడైవింగ్ క్లబ్బులో చేరింది. మనమైతే ఆ వయసులో మోకాళ్లకి నూనె రాసుకుంటాం. ఆవిడ పద్నాలుగు వేల అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది, ప్రతి శనివారం, మూడేళ్లుగా. ప్రతి శనివారం నెవ్ ఆమెని తన యూట్ ట్రక్కులో తీసుకొచ్చి దింపుతాడు. ఆ బండిని కంచె పక్కన, ముక్కు రోడ్డు వైపు, వెనక తొట్టి మైదానం వైపు ఉండేలా నిలిపి, లోపలే కూర్చుంటాడు. రేడియోలో ఫుట్‌బాల్ పెడతాడు. ఎవరు గెలుస్తున్నారని అడిగితే చెప్పలేడు. ఆమె వచ్చి కిటికీ అద్దం మీద తట్టేదాకా తల తిప్పడు.

ఒక మార్చి శనివారం గాలి ఎక్కువై గ్లెనిస్ మైదానంలో దిగకుండా అవతలి గోధుమ మోళ్లలోకి కొట్టుకుపోయింది. దెబ్బేం తగల్లేదు. కానీ నడిచి వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాల్లో నెవ్ బండి దిగి, చక్రం పక్కన కూర్చుని రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. మర్నాడు గ్లెనిస్ మా వంటింట్లో టీ తాగుతూ చెప్పింది. ఇంటికొచ్చే దారిలో ఆవిడ, నువ్విలా చస్తూ ఉంటే నేనెలా దూకను, నా పారాచూట్ అమ్మేస్తాను అందట. నెవ్ అమ్మొద్దన్నాడట. తను కూడా ఒకసారి పైకెళ్లి చూస్తానని, అక్కడేముందో తెలిస్తే భయం తగ్గుతుందేమోనని అన్నాడట. తగ్గకపోతే అప్పుడు అమ్మేద్దాం అని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు.

ఊరికే సరదాకి దూకేవాళ్లని టీచరుకి ముందు కట్టుకుని మూటలా దింపేస్తారు. నెవ్ అలా కాదు, విద్యార్థిగా దూకుతానన్నాడు. అప్పుడూ టీచరుకే కట్టుంటారు గానీ ఒంటిని తనే సరిగ్గా పట్టుకోవాలి, చేతి మీటరులో ఎత్తు తనే చూడాలి, పారాచూట్ పిడి తనే లాగాలి. ఆ టీచరు కిరా. ముప్పై ఏళ్లుంటాయి, పొట్టి మనిషి, మాట మాత్రం పొట్టి కాదు. చాప మీద బోర్లా పడుకోబెట్టి నేర్పింది. పొట్ట ముందుకి తొయ్యాలి, గడ్డం పైకెత్తాలి, కాళ్లు వెనక్కి మడవాలి, ఒళ్లంతా అరటిపండులా వంగాలి. అలా వంగితే గాలి కింద నుంచి సమానంగా మోస్తుంది. ముడుచుకుంటే రాయిలా దొర్లిపోతారు. చాప మీద నెవ్ బాగానే చేశాడు.

పైన చెయ్యలేదు. తలుపులోంచి బయటపడగానే మోకాళ్లు దగ్గరికి లాక్కుని, నడుం ముందుకి వంచి, ముడుచుకుపోయాడు. ఇద్దరూ వెల్లకిలా తిరిగిపోయారు. ఆకాశం, నేల, మళ్లీ ఆకాశం. వేగం తగ్గించే చిన్న గొడుగు ఒకటి ముందు వదలాలి. ఇద్దరూ అలా దొర్లుతుంటే అది ఒంటికే చుట్టుకుంటుందని కిరా వదల్లేకపోయింది. ఆరేడు క్షణాలు. ఎలాగో ఆయన కాళ్లని తన కాళ్లతో వెనక్కి లాగి నిలబెట్టింది. కిందికి దిగాక ఆమె మొహంలో నవ్వు లేదు.

"నెవ్, పైన ఏం పట్టుకున్నావు?" అని అడిగింది.

"ఏమీ పట్టుకోలేదే."

"మోకాళ్ల మధ్య ఏదో నొక్కిపట్టావు. ఊడదీయడం నా వల్ల కాలేదు."

నెవ్ తన మోకాళ్లకేసి చూసుకున్నాడు. "గొర్రె అయ్యుంటుంది, అమ్మాయ్," అన్నాడు.

పారాచూట్లు మడతపెట్టేవాళ్లు పగలబడి నవ్వారు. కిరా నవ్వలేదు. ఆయన వేళాకోళం ఆడటం లేదని ఆమెకి తెలుసు. నలభై ఒక్క ఏళ్లు ఆ ఒళ్లు నేర్చుకున్నది ఒక్కటే: గొర్రె తన్నుకుంటే మోకాళ్లతో అదిమిపట్టు, మీదికి వంగు, వదలకు.

"ఇంకొక్కసారి తీసుకెళ్తా," అంది. "మళ్లీ ముడుచుకున్నావంటే నేను తీసుకెళ్లను, ఇంకెవర్నీ తీసుకెళ్లనివ్వను. అక్కడ ఉండేది నీ ప్రాణమొక్కటే కాదు."

మూడు వారాలు గడువు. నెవ్ ఇంటి వెనక షెడ్డులో దూలానికి స్ప్రింగులతో వేలాడే తోలు పట్టీ ఒకటుంది. ఉన్ని కత్తిరించేవాళ్లు దాని మీద రొమ్ము ఆనించి పని చేస్తే నడుం మీద భారం తగ్గుతుంది. దాన్ని పొట్ట కిందికి జరుపుకుని, చేతులూ కాళ్లూ గాల్లో పెట్టి వేలాడుతూ సాధన మొదలుపెట్టాడు. పాత షెడ్డు స్నేహితుడు బార్నీ బీరు సీసాతో వచ్చి చూసి, "ఏంట్రా నెవ్, కంచె మీద ఆరేసిన తోలులా ఉన్నావు," అన్నాడు. నెవ్ వేలాడుతూనే సీసా అందుకున్నాడు.

విడిగా బాగానే వంగేవాడు. కానీ గ్లెనిస్ "తలుపు తీశారు" అనగానే మోకాళ్లు టక్కున దగ్గరికొచ్చేసేవి. ఎన్నిసార్లన్నా అంతే. ఇంట్లో ఎక్కాలన్నీ గడగడా అప్పజెప్పే పిల్లవాడు బోర్డు దగ్గరికి రాగానే నోరు పెగలక నిలబడిపోడూ, అలా. వాడికి రాక కాదు. నెవ్ మొహం చెమటతో తడిసిపోయేది. షెడ్డులో నేల అడుగున్నర కిందే ఉంది మరి.

ఆ ఉపాయం తట్టింది గ్లెనిస్‌కే. పెళ్లికి ముందు ఆవిడ ఉన్ని షెడ్లలో వంట చేసింది. అక్కడ రెండేసి గంటలకొకసారి బెల్ కొడతారు. బెల్ వినగానే చేతిలో ఉన్న గొర్రెని పూర్తి చేసి, జారుడు దారిలోంచి బయటికి పంపేసి, ఒక్కొక్కడూ లేచి నిలబడతాడు. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, మొహం కప్పుకేసి ఎత్తి, వెనక్కి వంగుతాడు. రోజంతటిలో వాళ్ల నడుం అటు వంగేది అప్పుడే. గ్లెనిస్ ఎక్కడో ఉన్న పాత బెల్ తెచ్చింది.

"టీచర్, నువ్వు తలుపు అను. నేను బెల్ కొడతా," అంది నాతో.

నేను తలుపు అన్నాను. మోకాళ్లు లాక్కున్నాడు. ఆవిడ బెల్ కొట్టింది. ఆ మోకాళ్లు విడిపోయి, కాళ్లు వెనక్కెళ్లి, గడ్డం పైకి లేచింది. ఆయనే ఆశ్చర్యపోయాడు. ఆ వారమంతా నాకు వేరే పని లేదు, తలుపు తలుపు అని అరవడమే.

రెండోసారి దూకింది ఏప్రిల్‌లో. గాలి లేదు, ఎండ పల్చగా ఉంది. తలుపు దగ్గర చెవిలో 'బెల్' అని చెప్పమని నెవ్ కిరాని అడిగాడు. చెప్తానంది. ఎక్కేముందు ఆయన పెదాలు సున్నంలా తెల్లగా ఉన్నాయి. గ్లెనిస్ చేతిలో బండి తాళాలు పెట్టి వెళ్లిపోయాడు.

విమానం పైకెళ్లడానికి పావుగంట. మొదటి అయిదు నిమిషాలు గ్లెనిస్ నాకు మబ్బుల గురించి చెప్పింది. తర్వాత మానేసింది. ఇంజన్ చప్పుడు చిన్నదై చిన్నదై ఈగ చప్పుడంత అయ్యింది. నేను చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి వెతుకుతున్నాను. పక్కకి చూస్తే ఆవిడ ఆకాశానికి వీపు పెట్టి కంచె తీగ పట్టుకుని నిలబడి ఉంది. మూడేళ్లుగా దూకుతున్న మనిషి.

"ఇటు తిరుగు," అన్నాను.

"నా వల్ల కాదు. నువ్వు చూసి చెప్పు." తీగ వదలకుండానే, "ప్రతి శనివారం ఆయనకి ఇలాగే ఉంటుందా?" అంది.

నేను పైకే చూస్తున్నాను. పైన విమానం మెరిసింది. దానికింద ఏమీ కనబడలేదు. లెక్క పెట్టడం మొదలుపెట్టాను. ఇరవై. ముప్పై. మనుషులు చుక్కలుగానైనా కనబడాలి. నలభై దగ్గర ఒక నల్లటి నలుసు కనిపించింది. అది మనిషో, దొర్లే రాయో ఇక్కణ్ణుంచి తెలియదు. యాభై. గ్లెనిస్ ఇంకో చేత్తో నా మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగుతున్నాయి. యాభై ఆరు దగ్గర ఆ నలుసు ఆగినట్టయింది, దాని మీద పసుపు రంగు విచ్చుకుంది.

"విచ్చుకుంది," అన్నాను. ఆవిడ తిరగలేదు. అలాగే కిందికి జారి గడ్డిలో కూర్చుంది.

పైన ఏం జరిగిందో తర్వాత నెవ్ చెప్పాడు. తలుపు తియ్యగానే చలి మొహాన్ని కొరికిందట. కాళ్ల కింద పొలాలు గళ్ల దుప్పటిలా ఉన్నాయట. కిరా బెల్ అనే ఉంటుంది, గాలి హోరులో ఆయనకి వినపడలేదు. పడిపోయారు. మోకాళ్లు మళ్లీ లాక్కుపోయాయి. ఒక్క పల్టీ కొట్టారు. అయిపోయింది, ఇద్దరం పోయాం అనుకున్నాడట. ఆ క్షణంలో మోకాళ్ల మధ్య గొర్రె నిజంగానే ఉన్నట్టుందట, వెచ్చగా, తన్నుకుంటూ.

"పని మధ్యలో గొర్రెని వదలకూడదు గదా," అన్నాడు నాతో. "అందుకని పూర్తి చేశాను. చేసి పంపించేశాను."

ఆ తర్వాత మోకాళ్లు విడిపోయాయి, గడ్డం లేచింది, నడుం వెనక్కి వంగింది. కానీ చేతులు చాపలేదు మహానుభావుడు. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, షెడ్డులో బెల్ కొట్టాక నిలబడ్డట్టే, గాల్లో వేలాడాడు. కిరా భుజం మీద రెండుసార్లు తడితే గానీ చేతులు తియ్యలేదు. సమయానికి మీటరు చూశాడు, పిడి లాగాడు. పచ్చిక మీద కూర్చున్నట్టు దిగాడు. దూకిన లెక్కలు రాసే ఆయన పుస్తకంలో కిరా రాసింది నేను చదివాను: "మూడు క్షణాలు గొర్రె. తర్వాత బాగుంది."

గ్లెనిస్ గడ్డిలోంచి లేచి వెళ్లింది. భయం తగ్గిందా అని అడిగింది.

"లేదు," అన్నాడు నెవ్. "పెరిగింది. ఇప్పుడు అక్కడేముందో తెలుసు గదా."

ఆవిడ మొహం మాడిపోయింది. "సరే. అమ్మేస్తాను."

"అమ్మకు. ఇందాక నువ్వెటు తిరిగి నిలబడ్డావో పైనుంచి చూడలేదనుకున్నావా?"

అంత ఎత్తు నుంచి ఎవరికీ ఏమీ కనబడదు. దిగగానే పరిగెత్తుకెళ్లి నేనే చెప్పాను ఆయనకి, నా నోట మాట ఆగదు. గ్లెనిస్ నాకేసి ఒక చూపు చూసి, ఆయన ఒంటి మీది పట్టీలు విప్పడం మొదలుపెట్టింది. పారాచూట్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నెవ్ మళ్లీ దూకలేదు. ఆ తర్వాతి శనివారం నేను క్లబ్బుకి మాంసం కూరిన పాస్టీలు పట్టుకెళ్లాను. యూట్ ఎప్పటిలాగే కంచె పక్కనుంది. ముక్కు మాత్రం మైదానం వైపుంది. రేడియో పెట్టలేదు. పైన గ్లెనిస్ ఎక్కిన విమానం చప్పుడు సన్నబడగానే ఆయన తలుపు తీసుకుని దిగాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, వెనక్కి వంగి, పైకి చూస్తూ నిలబడ్డాడు.